దాదా తన్‌ఖా కింద వచ్చిన బందూఖ్

మా ఖాందాన్‌లో ఒక బందూఖ్ ఉంది. పక్కపక్కనే రెండు బ్యారెల్‌లు, మధ్యలోకి విరిచి తూటాలు పెట్టే రకం. చిన్నప్పుడు మాకు దాని మీద రెండు కిస్సాలు చెప్పేవాళ్లు. ఒకటి, అది జర్మనీ కైసర్ బాద్షా ఎవరో నవాబుకు పంపిన తోఫా అని. రెండోది, ఫిరంగులు చేసే క్రుప్ కంపెనీ దాన్ని తయారు చేసిందని. దాదీ మాత్రం ఈ రెండూ విని నవ్వేది. ఆమెకు తెలిసిన కిస్సా వేరు. దాదా ఒక జాగీర్దార్ దగ్గర మున్షీగా చేసేవారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అప్పటికి దాదాకు మూడేళ్ల తన్‌ఖా బాకీ ఉంది. జాగీర్దార్ సాహెబ్ సామాను సర్దుకుని వెళ్లిపోతూ రూపాయలకు బదులు ఈ బందూఖ్ చేతిలో పెట్టారట.

"మూడేళ్ల అన్నం ఇది. దీన్ని వండుకుని తినమన్నడు" అనేది దాదీ.

దాదా దానితో ఏ జానవర్‌నూ కొట్టలేదు. పాకాల అడవి దిక్కు షికార్‌కు పోయేవాళ్లు అడిగినా ఇచ్చేవారు కాదు. లైసెన్స్ చేయించుకుని సందూక్‌లో పెట్టారు, అంతే. తర్వాత బడే అబ్బా పేరు మీదికి వచ్చింది. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ దాన్ని రజాయి గిలాఫ్‌లో చుట్టుకుని థానాలో జమ చేయడం, ఎలక్షన్ అయిపోయాక తెచ్చుకోవడం, ఇంతే దాని బయటి దునియా. బడే అబ్బా ఇంతెఖాల్ తర్వాత భాయ్‌జాన్ వారసుడిగా లైసెన్స్ తన పేరు మీద చేయించుకున్నారు. ఈ ఖర్చంతా ఎందుకని ఎవరో అంటే, "దాదా నిషానీ, ఎట్ల వదులుత?" అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ ముచ్చట రాసేవాణ్ని కాదు. భాయ్‌జాన్‌కు మూడెకరాల మక్క చేను ఉంది. రాత్రిళ్లు అడవి పందులు దిగితే పొద్దున లేచేసరికి నాలుగు సాళ్లు నేల మీద ఉంటాయి. పందుల్ని కాల్చడానికి పర్మిషన్ ఉన్న షూటర్లను పిలిపించాలి, వాళ్లు ఎప్పుడు వస్తారో తెలియదు. తానే ఆ లిస్టులో పేరు రాయించుకుంటే దాదా బందూఖ్ పనికొస్తుంది కదా అని ఆయన ఆశ. దాంతో తూటాల వేట మొదలైంది. లైసెన్స్‌లో పాత గుమాస్తా ఎవరో "8 ఎం.ఎం. డబుల్ బ్యారెల్ రైఫిల్" అని మాత్రం రాసి వదిలేశాడు. పట్నంలో బందూఖ్‌లు మరమ్మతు చేసే ఒకాయన దాన్ని చూసి తేల్చేశాడు: "ఎనిమిది ఎం.ఎం. అంటే మన 315 బోరే. తూటా కొంచెం టైట్ ఉంది, లోపలికి పోతలేదు. చాంబర్ జర రీమ్ చేస్తే దిగుతది. రెండు గంటల పని."

భాయ్‌జాన్ అడ్వాన్స్ ఇచ్చేసి నాకు ఫోన్ చేశారు. "ఛోటే, నువ్వు జిందగీ మొత్తం లేత్ మెషీన్ మీద పిల్లలకు నేర్పినవ్. ఒకసారి ఆయన రీమర్ మంచిదేనా చూస్తవా?"

నాకు బందూఖ్‌ల ఇల్మ్ లేదు. కానీ ఐటీఐలో ముప్పై ఏళ్లు మైక్రోమీటర్ పట్టుకున్న చెయ్యి నాది. తూటా పోవట్లేదంటే రంధ్రం తప్పని ఎందుకు అనుకోవాలి, తూటానే తప్పు కావచ్చు కదా? ఈ ఒక్క సవాల్ నా మెదడులో పడింది. "భాయ్‌జాన్, పది దినాలు ఆగండి. నాప్ తీయకుండా ఎవరినీ ముట్టనీయొద్దు" అన్నాను. ఆయనకు గుస్సా వచ్చింది. "పది దినాలల్ల పందులు చేనంతా తింటయ్" అన్నారు. అయినా ఆగారు, అల్లా వారికి మేలు చేయుగాక.

లైసెన్స్ ఆయనది కాబట్టి బందూఖ్ ఆ ఇల్లు దాటలేదు. నా సామానే వాళ్లింటికి పోయింది. మొదటి రోజు మేం చేసిందల్లా చదవడం. బ్యారెల్‌లను కింది దస్తా నుంచి విడదీసి, కిరోసిన్ గుడ్డతో అడుగు భాగం తుడిస్తే సన్నని ముద్రలు బయటపడ్డాయి. భూతద్దం పట్టుకుని ఒక్కో హర్ఫ్ కాగితం మీదికి ఎక్కించాను. తాజ్ కింద బి, తాజ్ కింద జి, తాజ్ కింద యు, తాజ్ కింద ఎన్. ఒక మూల 9 28. ఇంకోచోట 7,8 అని, దాని పక్కన 57. దాని కింద ఎస్.టి.ఎం.జి. 14,7 జి. బ్యారెల్ పైన మాత్రం పెద్ద అక్షరాల్లో "ఫ్లుస్ స్టాల్ క్రుప్ ఎస్సెన్".

ఫొటోలు మా భాంజాకు పంపాను. వాడు జర్మనీలో ఇల్మెనావ్‌లో చదువుతున్నాడు. నసీబ్ చూడండి, అక్కడికి దగ్గరలోనే జూల్ అనే పట్నం ఉంది. తరతరాలుగా బందూఖ్‌లు చేసే ఊరు అది. అక్కడ ఆయుధాల మ్యూజియం ఉంది, తుపాకుల్ని పరీక్షించి ముద్ర వేసే సర్కారీ ప్రూఫ్ హౌస్ కూడా ఉంది. వాడు ఒక రోజు అక్కడికి పోయి, పాత బందూఖ్‌లు బాగుచేసే ఒక ముసలాయనకు ఫొటోలు చూపించి, రాత్రి ఫోన్ చేశాడు.

"మామూ, ఇది కైసర్‌ది కాదు. 9 28 అంటే 1928 సెప్టెంబర్‌లో పరీక్ష అయింది. కైసర్ గద్దె దిగింది 1918లో."

"మరి క్రుప్?"

"బ్యారెల్ ఉక్కు మాత్రమే క్రుప్‌ది. ఎస్సెన్‌లో ఉక్కు కొని ఇక్కడి కారీగర్లు బందూఖ్ చేసేవాళ్లట. చేసినవాడి పేరు దీని మీద లేదు. పేరు లేకుండా దుకాణాలకు అమ్మడం మామూలేనట."

ఆ ముద్రల మతలబ్ వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. బి అంటే ఎక్కువ జోరున్న తూటాతో కాల్చి పరీక్షించారని. యు అంటే ఆ తర్వాత మళ్లీ తనిఖీ చేశారని. జి అంటే బ్యారెల్ లోపల మెలికల గాడులు ఉన్నాయని. రెండు బ్యారెల్‌ల కిందా జి ఉంది కాబట్టి రెండూ రైఫిల్‌వే. జర్మనీలో ఒకవైపు రైఫిల్, ఇంకోవైపు ఛర్రా తుపాకీ ఉన్న జోడీలు కూడా చాలా చేశారట, మనది అది కాదు. ఎన్ అంటే పొగరాని కొత్త మందుకు పరీక్ష అయిందని. అది లేకుంటే నల్ల మందు కాలంది అనుకోవాలి. 14,7 అంటే పద్నాలుగున్నర గ్రాములకు కొంచెం పైన ఉండే ఉక్కు తొడుగు గుండు. జర్మన్లు మనం చుక్క పెట్టే చోట కామా పెడతారు. ఆ కామా చూసి నేను మొదట ఏడు, ఎనిమిది రెండు వేరే నంబర్లనుకున్నాను!

"7,8 అంటే మరి ఎనిమిది ఎం.ఎం. ఎట్లయింది?" అని అడిగాను. అక్కడే అసలు ఖతరా బయటపడింది.

బ్యారెల్ లోపల గాడులు ఉంటాయి, గాడుల మధ్య గట్లు ఉంటాయి. 7.8 అనేది గట్టు నుంచి గట్టుకు కొలత. గుండు కూర్చునేది గాడి అడుగు దాకా. ఆ కొలతలోనే జర్మన్ల ఎనిమిది ఎం.ఎం. రెండు రకాలు. పాతదానికి గుండు మందం సుమారు 8.07 మిల్లీమీటర్లు, అంగుళాల్లో .318. 1900ల మొదట్లో వాళ్ల ఫౌజ్ కొత్త గుండు తెచ్చుకుంది, దాని మందం 8.22, అంటే .323. ఫౌజ్ మారింది కానీ షికారీ బందూఖ్‌లు చేసేవాళ్లు చాలామంది పాత కొలతనే ఇంకా ఏళ్ల తరబడి చేస్తూ పోయారు. పాత తూటా పేరు 8×57 ఐ, కొత్తది 8×57 ఐ.ఎస్. అంచు ఉన్న ఖోఖా అయితే మధ్యలో ఆర్ చేరుతుంది: ఐ.ఆర్., ఐ.ఆర్.ఎస్. ఐ అంటే ఇన్‌ఫాంటరీ, పైదల్ ఫౌజ్. పాత జర్మన్ రాతలో పెద్ద ఐ అచ్చం జె లాగే ఉంటుంది కాబట్టి దునియా అంతా దాన్ని జె అని చదివింది. ఇప్పటికీ డబ్బాల మీద జె.ఆర్., జె.ఆర్.ఎస్. అనే రాస్తారు.

మన ఉర్దూ చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. నుఖ్తా పైన పెడితే ఖుదా, కింద పెడితే జుదా. మదర్సాలో మౌల్వీ సాబ్ ఆ నుఖ్తా కోసం వేళ్ల మీద బెత్తంతో కొట్టారు. ఇక్కడ ఎస్ అనే ఒక్క హర్ఫ్ తేడా, మిల్లీమీటర్‌లో ఏడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. లావు గుండును సన్న బ్యారెల్‌లోకి తోస్తే అది నలుగుతూ ముందుకు పోవాలి. వెనక మందు మండుతూనే ఉంటుంది, దబావ్ పెరుగుతుంది. మధ్యలో విరిచే పాత బందూఖ్‌లో ఆ దబావ్ అంతా గొళ్లెం మీద, కీలు మీద, చెంప ఆనించి కాల్చేవాడి మొహం పక్కన పడుతుంది.

కాగితం మీద చదివింది సరిపోదు, నాప్ తీయాలి. ముందు రెండు బ్యారెల్‌లను తాడుతో వేలాడదీసి చెక్కతో మెల్లగా తట్టాను. గంటలా మోగాయి. టంకం వదిలితే మొద్దు శబ్దం వస్తుంది. మళ్లీ బిగించి కదిపి చూశాం. కీలులో ఊగులాట లేదు, మూస్తే వెలుతురు కనబడే సందు లేదు. ఇంతవరకు అల్‌హమ్దులిల్లాహ్.

తర్వాత మెత్తని సీసం ముద్దకు నూనె రాసి, చాంబర్ వైపు నుంచి పెట్టి, ఇత్తడి కడ్డీతో మెల్లమెల్లగా మూతి దాకా తోశాను. బయటికొచ్చిన సీసం మీద గాడులన్నీ అచ్చు పడ్డాయి. ఎదురెదురు గాడుల మీద మైక్రోమీటర్ పెట్టాను. 8.08. ఇంకో బ్యారెల్, 8.08. మూడుసార్లు తీశాను, మారలేదు. పాత కొలతే.

చాంబర్ అచ్చుకు గంధకం వాడాం. విదేశాల్లో దీనికోసం తక్కువ వేడికే కరిగే ఒక లోహం అమ్ముతారు, మనకు దొరికింది గంధకం. సన్న సెగ మీదే కరిగించాలి, లేకుంటే నీలం మంటతో అంటుకుంటుంది. చాంబర్ ముందు బ్యారెల్‌లో గుడ్డ కుక్కి, లోపల సన్నగా నూనె పూసి పోశాను. ఆ వాసనకు భాభీ కొంగు ముక్కుకు చుట్టుకుని, "ఈ ఇంట్ల పందులు రాకముందే మనుషులు పారిపోతరు" అంది. చల్లారాక కడ్డీతో నెమ్మదిగా తట్టితే పసుపు తూటా లాంటిది బయటికి జారింది. అడుగున మందం పన్నెండు మిల్లీమీటర్లు, పొడుగు యాభై ఏడు. ఇంతవరకు మనసులో ఒక షక్ ఉండేది. జర్మనీలోనే 57 మిల్లీమీటర్ల పొడుగుతో ఇంకో సన్నటి అంచు తూటా ఉంది, దానికి అడుగు పదకొండు లోపే. ఆ షక్ పోయింది. ఇది 8×57 ఐ.ఆర్.

ఇప్పుడు 315 సంగతి. తూటాలమ్మే దుకాణంలో, దుకాణందార్ ఎదుటే, ఒక 315 తూటాకు క్యాలిపర్ పెట్టనిచ్చారు. 315 అనేది ఆస్ట్రియావాళ్ల పాత 8×50 ఆర్ ఖోఖా, మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ రైఫిల్‌కు అదే వాడతారు. అడుగు పన్నెండున్నర మిల్లీమీటర్ల దగ్గర, పొడుగు యాభై. గుండు సుమారు 8.2.

ఇంటికొచ్చి రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి గీసి భాయ్‌జాన్ ముందు పెట్టాను. "చూడండి. ఇది చాంబర్, ఇది 315. అడుగు రీమ్ చేస్తే తూటా లోపలికి దిగుతది, నిజమే. కానీ మెడ చూడండి. మెడ వచ్చే చోట చాంబర్ ఇంకా లావుగనే ఉంది. ఖోఖా మెడకు చుట్టూ గోడ లేదు, ఇత్తడి ఉబ్బి చీరుకుపోతది, వేడి గ్యాస్ వెనక్కి తన్నుతది. పైగా గుండు లావు. దాని పైన రీమ్ చేసి బ్యారెల్ గోడను మనమే పలచన చేసినం. ఇవన్నీ ఒకే తూటాల జరుగుతయ్."

ఆయన చాలాసేపు బొమ్మ చూశారు. "దిగుతది అన్నడు గద" అన్నారు చివరికి.

"దిగుడుకు, సరిపోవుడుకు ఫరక్ ఉంది భాయ్‌జాన్."

ఆయన లేచి పోయి ఆ కారీగర్‌కు ఫోన్ చేశారు. అడ్వాన్స్ తిరిగి రాలేదు. దాని మీద మళ్లీ గుస్సా, అది వేరే కథ.

మరి సరైన తూటా ఏది? భాంజా దీనికి కూడా జవాబు తెచ్చాడు. 8×57 జె.ఆర్. ఇప్పటికీ చెక్ దేశంలో తయారవుతుంది, అదే కంపెనీ జె.ఆర్.ఎస్. కూడా చేస్తుంది. రెండు డబ్బాల మధ్య కంటికి కనిపించేది ఒక హర్ఫే. పాత జె.ఆర్. బందూఖ్‌కు ఎస్ లేనిదే కావాలి. అయినా నేరుగా పెట్టి కాల్చొద్దన్నాడట ఆ ముసలాయన. వందేళ్లకు దగ్గరపడిన బందూఖ్‌ను ముందు ప్రూఫ్ హౌస్‌లో మళ్లీ పరీక్ష చేయించాలి. ఆ తర్వాత గుండు బరువు 14.7 గ్రాములకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. దానికి కారణం విని నాకు ఆ పేరులేని కారీగర్ మీద ముహబ్బత్ కలిగింది.

రెండు బ్యారెల్‌లు చూడటానికి సమానంగా కనబడతాయి కానీ కావవి. మూతి దగ్గర కొంచెం దగ్గరికి వంచి టంకం పెడతారు. ఎందుకంటే కుడి బ్యారెల్ పేలినప్పుడు బందూఖ్ కుడికి, పైకి తన్నుకుంటుంది, ఎడమది ఎడమకు. గుండు బ్యారెల్‌లో ఉన్న ఆ లిప్తపాటులో జరిగే తన్నుడును లెక్కగట్టి, ఒకే చోట తగిలేట్టు వంచుతారు. కాల్చి చూడడం, టంకం కరిగించి సర్దడం, మళ్లీ కాల్చడం. ఆ లెక్కంతా ఒక గుండు బరువుకు, ఒక జోరుకు. మెల్లగా పోయే గుండు వేస్తే రెండు దెబ్బలు ఎడంగా పడతాయి, మరీ జోరుగా పోయేది వేస్తే ఒకదాన్నొకటి దాటుకుని అటుది ఇటు పడతాయి. కాగితం మీద ఆ రెండు చిల్లులు చూసి తూటా నప్పిందో లేదో చెప్పొచ్చట. అంటే దబావ్ మామూలుగానే ఉన్నా తూటా నప్పకపోవచ్చు. జోరు పెంచి కాగితం మీద చిల్లుల్ని దగ్గరికి తేవాలని చూసేవాళ్లే వేళ్లు పోగొట్టుకుంటారని ఆయన అన్నాడట.

మనకు ఇక్కడ ఆ ప్రూఫ్ హౌస్ లేదు. నేను అడిగిన దుకాణాల్లో ఆ తూటా లేదు. ఇంట్లో మందు కొలిచి తూటా నింపుకోవడం లైసెన్స్ లేకుండా చేస్తే కానూన్ ప్రకారం జుర్మ్. చేతకాక కాదు, చేయకూడదు కాబట్టి ఆ మాట నేను ఎత్తలేదు. భాయ్‌జాన్ ఎత్తారు. "నీకు నాప్ అంతా తెలిసిపోయింది గద, రెండే రెండు నింపు" అన్నారు. ఆ పూట మా మధ్య మాట తేడా వచ్చింది. నేను తినకుండానే లేచి వచ్చేశాను.

మర్నాడు ఫజర్ తర్వాత ఆయనే వచ్చారు. మస్జిద్ మెట్ల మీద కూర్చున్నాం. "రాత్రంతా ఆలోచించిన. దాదా అడిగినోళ్లకు ఎందుకు ఇయ్యకపోయె అని. ఇస్తే ఎవనికన్నా ఏమన్నయితే జిమ్మేదారీ తనదే అని భయపడ్డడేమో" అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. దాదా ఎందుకు ఇవ్వలేదో మాకు నిజంగా తెలియదు. కానీ ఆ బందూఖ్ ఇవాళ మా చేతికి చెక్కుచెదరకుండా వచ్చిందంటే ఆయన ఇవ్వకపోవడం వల్లే.

ఆ వారం రెండు పనులు చేశాం. పందుల కోసం పర్మిషన్ ఉన్న షూటర్ పేరు పెట్టి పంచాయతీలో దర్ఖాస్తు ఇచ్చాం. లైసెన్స్‌లో తూటా పేరు పూర్తిగా రాయించమని దఫ్తర్‌లో ఇంకో దర్ఖాస్తు పెట్టాం. 8 ఎం.ఎం. అనే ఆ సగం మాటే కదా ఇంత దూరం తెచ్చింది.

మీ ఇళ్లలో కూడా దాదాల కాలం బందూఖ్ సందూక్‌లో ఉండవచ్చు. దాన్ని అమానత్ అనుకుంటే ముందు దాని అడుగు తుడిచి చదవండి. ముద్రలు ఫొటో తీసి దాచండి. బోర్ పేరు విని తూటా కొనొద్దు, తూటా దిగట్లేదని చాంబర్ తవ్వించొద్దు. లైసెన్స్ ఉన్నవాళ్ల ఎదుట, నాప్ తెలిసినవాళ్లతో సీసం, అచ్చు తీయించండి. తెలిసేదాకా అది ఖాళీగా ఉండటమే దానికి సరైన తూటా.

మా బందూఖ్ దస్తాకు ఇప్పుడు ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. నేనే కోసి చెక్కాను. ఒకవైపు ఉర్దూలో, ఇంకోవైపు తెలుగులో: "8×57 ఐ.ఆర్., గుండు .318. జూల్, 1928. 315 వేయొద్దు. ఎస్ ఉన్నది వేయొద్దు." కింద కొంచెం జాగా మిగిలితే భాయ్‌జాన్ ఇంకో లైన్ రాయమన్నారు. ఆయన చెప్పిందే చెక్కాను.

"ఇది మా దాదా మూడేళ్ల తన్‌ఖా."